చెరువు గట్టున, పొద్దు వెలుగులో: ఫొటోలు తీసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ నుంచి గద్వాల దాకా ఏ ఊరికి వెళ్లినా ఒక చెరువు, దానికో కట్ట, కట్ట మీద మైసమ్మ గుడి కనిపిస్తాయి. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు, ఫోనుతోనే మొదలుపెట్టినవాళ్లు ఈ గట్ల మీద నన్ను అడిగిన ప్రశ్నలకు ఇవి జవాబులు. ఫ్లాష్ లేకుండా, దీపాలు లేకుండా, పొద్దు ఇచ్చే వెలుగుతోనే తీసే ఫొటోల గురించి మాత్రమే రాస్తున్నాను.

పొద్దున ఎన్ని గంటలకు చెరువు దగ్గర ఉండాలి?

సూర్యోదయానికి నలభై నిమిషాల ముందు. అది ఇల్లు కదిలే వేళ కాదు, గట్టున ట్రైపాడ్ వేసి నిలబడే వేళ. నల్గొండలో జూన్ నెలలో సుమారు 5:40కి పొద్దు పొడుస్తుంది, డిసెంబరు చివర 6:40 ప్రాంతంలో. అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది డిసెంబరులో అనుకుంటారు గానీ, నిజానికి అది సంక్రాంతి దాటాక. మహబూబ్‌నగర్ పడమరకు ఉంది కాబట్టి అక్కడ అన్నీ ఐదు నిమిషాలు ఆలస్యం. ఈ ఐదు నిమిషాలను చిన్నచూపు చూడకండి. ఎందుకో తరువాతి జవాబులో తెలుస్తుంది.

'గోల్డెన్ అవర్' అంటే గంటసేపు మంచి వెలుగు ఉంటుందనేగా?

మన దగ్గర ఉండదు. ఆ మాట ఉత్తరాన ఉన్న దేశాలవారు పెట్టుకున్నది. అక్కడ సూర్యుడు దిగంతాన్ని ఒరుసుకుంటూ ఏటవాలుగా లేస్తాడు. మనం భూమధ్యరేఖకు 17 డిగ్రీల దూరంలోనే ఉన్నాం, ఇక్కడ దాదాపు నిట్టనిలువుగా ఎక్కుతాడు. దిగంతం నుంచి ఆరు డిగ్రీల ఎత్తుకు చేరడానికి పట్టేది అరగంట లోపే. ఆ అరగంట ఎండకు మన భాషలో చక్కని పేరుంది, నీరెండ. ఒళ్లు కాల్చని, కళ్లు చెదరగొట్టని ఎండ. మన చెరువుల ఫొటోలు బతికేది దానిమీదే.

డిసెంబరులో నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు ఉదయ సముద్రం చెరువు దగ్గర ఒక తెల్లవారుజాము ఎలా నడుస్తుందో చెబుతాను. ఆరు గంటలకు నీరూ ఆకాశమూ ఒకటే బూడిద నీలం, ఎక్కడ కలుస్తున్నాయో తెలియదు. ఆరుంబావుకు తూర్పున సన్నని ఎరుపు తీగ సాగుతుంది. రాత్రంతా చల్లబడిన గాలి కన్నా నీరు వెచ్చగా ఉంటుంది కనుక చెరువు మీద ఆవిరి లేస్తుంది, మోకాలెత్తున పాకుతుంది. పొద్దు అంచు కనిపించాక రెండు మూడు నిమిషాలు ఆవిరంతా నారింజ రంగుకు తిరుగుతుంది. అప్పుడు వంగి చూస్తే కాళ్ల దగ్గరి తుంగ పోచ మీద తూనీగ ఒకటి కదలకుండా ఉంటుంది, రెక్కల నిండా మంచు బొట్లు. లెన్స్ దగ్గరగా పెడితే ఒక్కో బొట్టులో తలకిందులైన గట్టు, దానిమీద తాటిచెట్టు. రెక్కలు ఆరేదాకా అది ఎగరదు, తొందరపడనవసరం లేదు. ఏడు దాటాక ఆవిరి చెదురుతుంది, గాలి మొదలవుతుంది. ఏడుంబావుకు రంగు పోయి మామూలు ఎండ మిగులుతుంది. మొత్తం కథ గంటంబావు, అందులో అసలు రంగు పావుగంట.

సూర్యుడు ఎటువైపు ఉంటే మంచిది?

ఏం తీస్తున్నారో దాన్నిబట్టి. మన చెరువుల చుట్టూ ఉండేవి గ్రానైటు గుండ్లు, గుట్టలు. వాటికి పక్కవెలుగు కావాలి. ఎండ పక్క నుంచి పడితే రాతి గరుకుతనం, పగుళ్లు, పాత నీటిమట్టాల చారలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. అదే గుండును సూర్యుడు మన వీపు వెనుక ఉండగా తీస్తే అట్టముక్కలా ఉంటుంది.

వల, ఆవిరి, తుంగ, రెల్లు పూలు, నీటి తుంపర్లు వంటి పలుచని వాటికి ఎదురువెలుగు. వెలుగు వాటిలోంచి దూరి రావాలి. జాలరి వల విసిరినప్పుడు దారాల మీది నీటి బొట్లు మెరవాలంటే సూర్యుడు వల వెనుక ఉండాలి. అద్దాల వ్యూఫైండర్ ఉన్న కెమెరాతో మాత్రం సూర్యుణ్ణి నేరుగా చూడకండి, కంటికి ప్రమాదం. తెర మీద చూసి తీయండి.

చాలామంది మరచిపోయేది ఇంకొకటి. పొద్దు పొడిచే చోటు ఏడాదంతా కదులుతూ ఉంటుంది. జూన్‌లో తిన్నని తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా లేస్తాడు. అంటే యాభై డిగ్రీల తేడా. వేసవిలో గుడి పక్క నుంచి లేచినవాడు చలికాలంలో చెరువు అవతలి గుట్ట వెనుక నుంచి రావచ్చు. ఒకసారి కుదరని చోటు ఆరు నెలల తరువాత కుదురుతుంది.

మధ్యాహ్నం అసలు తీయకూడదా?

మబ్బు లేని వేసవి మధ్యాహ్నం కెమెరా సంచిలోనే ఉంచమంటాను. మన అక్షాంశం మీద మే మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. నీడ లేని చోట రాయికి లోతు ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ ఉన్నప్పుడైతే దూరపు గట్టు ఎండమావుల్లో వణుకుతుంది, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా స్పష్టత రాదు.

వానాకాలపు మధ్యాహ్నం వేరు. మబ్బుల మధ్య చిల్లులోంచి ఎండ దిగి, చెరువు మీద మచ్చలా పరుగెత్తుతుంది. ఆ మచ్చ మీకు కావలసిన పడవ మీదికో చెట్టు మీదికో వచ్చేదాకా కాచుకోవాలి. పూర్తిగా మూసుకుపోయిన మబ్బు కూడా పనికొస్తుంది, ఆకాశాన్ని చట్రంలోంచి తీసేసి తామరాకులు, తడి రాళ్లు, పాచి తీయండి.

నేరుగా ఎండ పడని వెలుగు అంటే ఏమిటో కళ్లతో తెలుసుకోవాలంటే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. కందూరు చోళుల కాలపు త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి అది. ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు, ఎందుకంటే అది నేరుగా పడిన ఎండ వేసిన నీడ కాదు. బయట అంతటా పరుచుకున్న వెలుగు స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరి వేసిన నీడ. ఎండ వేరు, వెలుగు వేరు. ఆ గర్భగుడిలో పది నిమిషాలు కూర్చుని వచ్చినవాళ్లకు మబ్బు రోజు ఫొటోల గురించి నేను వేరే చెప్పవలసిన అవసరం రాలేదు. లోపల ఫొటో తీయాలంటే పూజారిని అడగండి.

నీటిలో నీడ అద్దంలా రావాలంటే ఏం చేయాలి?

ముందు గాలి లేని వేళ చూసుకోవాలి. రాత్రి నేల చల్లబడి, పైన గాలి నిలకడగా ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున నీరు కదలదు. ఎండ నేలను వేడెక్కించగానే గాలి లేస్తుంది, అద్దం పగులుతుంది. సాయంత్రం సద్దుమణగవచ్చు, నమ్మకం లేదు.

తరువాత కిందికి వంగాలి. ఎత్తు నుంచి కాళ్ల దగ్గరి నీటిని చూస్తే వెలుగులో నూటికి రెండు పాళ్లే తిరిగి వస్తుంది, అందుకే అడుగున మట్టి కనిపిస్తుంది. నీటిని ఒరుసుకుంటూ చూస్తే దాదాపు అంతా తిరిగి వస్తుంది. వానల తరువాత ఎర్రమట్టి నీళ్లతో టీ రంగులో ఉన్న చెరువు కూడా, కెమెరాను నీటికి జానెడు ఎత్తులో పెడితే ఆకాశం రంగు తెచ్చుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది అదే చెరువేనా అనిపిస్తుంది.

ప్రతిబింబం ఎప్పుడూ అసలు దృశ్యం కన్నా కొంచెం ముదురుగా ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. నీటి భాగాన్ని ఆకాశం కన్నా తెల్లగా చేసిన ఫొటోలో ఏదో తప్పుందని చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

పోలరైజర్ ఫిల్టరు కొనాలా?

కొనండి, కానీ తెల్లవారుజామున తీసి పక్కన పెట్టండి. అది నీటి మీది మెరుపును తగ్గిస్తుంది. ప్రతిబింబం కోసం వెళ్లి దాన్నే తుడిచేసుకుంటామా? పది గంటలకు, నీటి అడుగు రాళ్లు చూపాలన్నా తామరాకుల మీది తెల్లని నిగారింపు పోగొట్టాలన్నా అది కావాలి. సూర్యుడికి లంబదిశలో బాగా పనిచేస్తుంది. వెడల్పు లెన్స్‌కు బిగిస్తే ఆకాశంలో ఒకచోట మాత్రమే ముదురు పట్టీ పడుతుంది, చూసుకోండి.

కెమెరా సెట్టింగులు చెప్పండి.

ట్రైపాడ్ ఉంటే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా చూపే చురుకుదనం) 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్8 నుంచి ఎఫ్11, షట్టర్ తెరిచి ఉండే సేపు ఎంత వస్తే అంత. ఎఫ్16 దాటితే మొత్తం ఫొటో పదును తగ్గుతుంది. రా ఫైలులో, అంటే కెమెరా సరిదిద్దని ముడి రూపంలో తీయండి. ఆకాశంలో తెల్లగా కాలిపోయిన చోటు తిరిగి రాదు, నీడలో దాగినది వస్తుంది. కాబట్టి హిస్టోగ్రామ్ (వెలుగు నీడల పాళ్లు చూపే గ్రాఫు) కుడి అంచును తాకకుండా చూసుకోండి. వెలుగు నీడల తేడా మరీ ఎక్కువైతే కదలకుండా మూడు ఎక్స్‌పోజర్లు, అంటే వెలుగు పాళ్లు మార్చి మూడు ఫొటోలు, తీసి పెట్టుకోండి.

సెట్టింగుల కన్నా పట్టించుకోవలసింది దిగంతం. చెరువు ఒకవైపుకు ఒలికిపోతున్నట్టు ఉన్న ఫొటో ఎంత మంచి వెలుగులో తీసినా నిలవదు.

ఫోనుతో తీయవచ్చా?

తప్పకుండా. ప్రకాశవంతమైన చోట వేలితో నొక్కి పట్టి, ఎక్స్‌పోజర్ కొంచెం కిందికి దించండి. జూమ్ చేయకుండా నడిచి దగ్గరికి వెళ్లండి. రాళ్ల మీద ఆనించి, టైమర్ పెట్టి తీస్తే చీకటి వేళ కూడా కదలదు. నీటికి జానెడు ఎత్తులో పెట్టడం కెమెరా కన్నా ఫోనుతోనే తేలిక. జేబులోని దుమ్ము, చేతి జిడ్డు లెన్స్ మీద ఉంటే ఎదురువెలుగులో ఫొటో అంతా పొగచూరినట్టు వస్తుంది. తీసే ముందు తుడవండి.

కంటికి కనిపించిన ఎరుపు ఫొటోలో ఎందుకు రావడం లేదు?

వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగును సరిదిద్దే సెట్టింగు, ఆటోలో ఉంది. కెమెరా దృష్టిలో ఆ ఎరుపు ఒక దోషం, అందుకని సరిదిద్దేస్తుంది. దాన్ని ఎండ గుర్తు ఉన్న డేలైట్ మీద పెట్టి మరచిపోండి. వేకువ నీలం నీలంగా, నీరెండ పసుపు పసుపుగా వస్తాయి. నేను మొదటి ఏడాది దాదాపు అన్నీ ఆటోలో జేపీఈజీగా (కెమెరా తానే సరిదిద్ది దాచే ఫైలు) తీశాను. ఆ చలికాలపు ఉదయాలన్నీ ఒకే లేత బూడిద రంగులో ఉన్నాయి, ఇప్పుడు వాటిని ఏమీ చేయలేను. అందుకే ఇది ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏ కాలం మంచిది?

గాలిలో దుమ్ము లేకుండా దూరపు గుట్టలు దగ్గరగా కనిపించేది వాన వెలిసిన మర్నాడు. సెప్టెంబరు, అక్టోబరు నెలలు నాకు అన్నిటికన్నా ఇష్టం. చెరువు నిండి ఉంటుంది, గట్ల మీద తంగేడు, గునుగు పూస్తాయి, ఆకాశంలో మబ్బులకు ఆకారం ఉంటుంది. డిసెంబరు, జనవరిలో ఆవిరి, పొగమంచు. ఫిబ్రవరి నుంచి ఆకాశం వెలవెలబోతుంది. ఎండాకాలాన్ని మాత్రం కొట్టిపారేయకండి. నీళ్లు తగ్గిన చెరువు శిఖంలో నెర్రెలిచ్చిన ఒండ్రు, ఎండిన తుమ్మ మోళ్లు, మిగిలిన మడుగు చుట్టూ కొంగలు ఉంటాయి. పక్కవెలుగు ఆ నెర్రెలకు ఇచ్చే లోతు నిండు చెరువులో దొరకదు.

పెద్ద జలాశయాలకు కాలంతో పాటు నీటిమట్టం కూడా చూసుకోవాలి. నాగార్జునసాగర్ పూర్తిస్థాయి మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885. పత్రికల్లో రోజూ వేస్తారు. పూర్తిగా నిండినప్పుడు నీరు చెట్ల మొదళ్లను తాకుతుంది. మట్టం పడిపోయిన కొద్దీ నీటికీ పచ్చదనానికీ మధ్య వెలిసిపోయిన రాతి పట్టీ తేలుతుంది. ఫొటో తీసిన రోజు మట్టం ఎంతో నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటే, వచ్చే ఏడాది అదే అంకె కోసం ఎదురుచూడవచ్చు. నల్లమలలోని సోమశిల దగ్గర కృష్ణా నది అవతలి ఒడ్డున సంగమేశ్వరాలయం శ్రీశైలం నీరు బాగా తగ్గిన నెలల్లోనే బయటపడుతుంది. అంకె తెలియకుండా వెళితే కనిపించేది నీళ్లే.

ఎక్కడికి వెళ్లమంటారు?

మీ ఇంటికి అన్నిటికన్నా దగ్గరున్న కుంటకు. పేరు లేకపోయినా పరవాలేదు. సైకిల్ మీద పది నిమిషాల్లో చేరగలిగితే ఏడాదికి నలభైసార్లు వెళతారు, వంద కిలోమీటర్ల దూరానికి రెండుసార్లు. మంచి వెలుగు పిలిచి రాదు కాబట్టి నలభైసార్లు వెళ్లినవాళ్లకే దొరుకుతుంది.

ఆ తరువాత దూరాలు. దేవరకద్ర వైపు కోయిల్‌సాగర్‌లో కొండల మధ్య కట్టిన ఆనకట్ట వెనుక నీళ్లు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో డిండి. నాగార్జునసాగర్ వెనుక నీళ్ల ఒడ్డున వైజాగ్ కాలనీ, విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడినవారి ఊరు. పడవలు, వలలు, ఒడ్డున ఆరబెట్టిన చేపలు, అన్నీ ఎదురువెలుగుకు పుట్టినవే. నల్లమల కొండల మధ్య సోమశిల. కొండలున్న చోట పొద్దు లెక్క మారుతుందని గుర్తుంచుకోండి. క్యాలెండర్‌లో ఉన్న సూర్యోదయం వేళకు సూర్యుడు కొండ వెనుకే ఉంటాడు, సాయంత్రం ముందే దాక్కుంటాడు. అవతలి కొండ మీద మాత్రం ఎండ ఉంటుంది, ఆ బంగారు కొండ నీడలోని నల్లని నీటిలో పడే పది నిమిషాలు వదులుకోకండి.

మత్తడి (అలుగు) దూకే నీటిని పాలలా చూపాలా?

అది మీ ఇష్టం. సెకనులో సగం నుంచి రెండు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే తెల్లని పట్టువస్త్రంలా వస్తుంది. పగలు అంతసేపు తెరవాలంటే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు కావాలి. చిన్న మత్తడికి అది బాగుంటుంది. వనపర్తి జిల్లా సరళాసాగర్ లాంటి చోట మాత్రం నేను 1/1000 సెకనులోనే తీస్తాను. 1959లో పూర్తయిన ఆ ప్రాజెక్టులో గేట్లు ఎత్తే పని లేదు, నీరు ఒక మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతట అవే తెరుచుకుని దూకుతాయి. ఆ దూకుడులో బలం ఉంది. పాలలా మెత్తబరిస్తే ఆ బలం పోతుంది.

జాలరులను, బతుకమ్మ ఆడేవాళ్లను తీయవచ్చా?

అడిగి తీయండి. "అన్నా, ఒక ఫొటో తీసుకోనా?" అనడానికి రెండు క్షణాలు పడుతుంది. తెల్లవారుజామున వల తీసేవాళ్లది ఆ పూట సంపాదన, వాళ్ల తెప్పకు అడ్డం నిలబడకండి, పక్షులు లేవాలని రాళ్లు వేయకండి. తీసిన ఫొటో అచ్చు వేయించి మళ్లీ వెళ్లినప్పుడు చేతిలో పెట్టండి.

సద్దుల బతుకమ్మనాడు నీటిలో వదిలే వేళకు పొద్దు గుంకిపోయి ఉంటుంది. ఐఎస్‌ఓ పెంచండి, ఫ్లాష్ మాత్రం వద్దు. నీటి అంచున ఆడవాళ్లకు ముందుకు వెళ్లి నిలబడటం మర్యాద కాదు, గట్టు మీద పక్కనుంచి తీయవచ్చు. ఆకాశంలో మిగిలిన నీలం, దీపాల పసుపు రెండూ సమానంగా ఉండేది పది నిమిషాలే.

డ్రోన్ ఎగరేయవచ్చా?

పెద్ద ఆనకట్టలు, అభయారణ్యాల దగ్గర అనుమతి లేకుండా వద్దు. 2021 డ్రోన్ నిబంధనలు చదవండి, ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటులో మ్యాపు చూడండి. 250 గ్రాముల లోపు చిన్నదైనా ఎరుపు మండలం (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) ఎరుపు మండలమే.

ఏ ప్రమాదాలు చూసుకోవాలి?

పూడిక తీసిన చెరువుల్లో గుంతలు. నీరు నిండాక పైకి తెలియదు, మోకాలి లోతు అనుకున్న చోట నిలువు లోతు ఉంటుంది. ఫొటో కోసం నీళ్లలోకి దిగవద్దు. తూము మెట్ల మీద పాచి జారుతుంది. తుంగలో పాములు ఉంటాయి, టార్చి వేసుకుని, అడుగు చప్పుడు చేస్తూ నడవండి. ఉరుము వినబడితే కట్ట దిగి వాహనంలోకి వెళ్లండి. బోసి కట్ట మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మీరు, మీ ట్రైపాడ్. ఒంటరిగా వెళితే ఏ చెరువుకో ఇంట్లో చెప్పి బయలుదేరండి.

ఎడిటింగ్ ఎంతవరకు?

వెలుగు నీడలు సర్దుకోండి, దిగంతం సరిచేయండి. ఆకాశం మార్చవద్దు. పైన అతికించిన మబ్బులకు కింద నీటిలో నీడ ఉండదు, ఉన్నా ఎండ దిశ కలవదు.

ఒకే చెరువును ఎన్నిసార్లు తీస్తారు? విసుగు రాదా?

ఉదయ సముద్రం అంచున ఒక గ్రానైటు గుండు ఉంది, కూర్చున్న ఎద్దంత. ఆ చెరువును కాలువ నీటితో నింపుతారు కాబట్టి వానతో పని లేకుండానే మట్టం మారుతుంది. కొన్ని నెలలు గుండు మొత్తం బయట ఉంటుంది, కొన్ని నెలలు మూపురం మాత్రమే. నిండుగా ఉన్నప్పుడు దానిమీద నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుంది, తగ్గినప్పుడు మేకలు ఎక్కుతాయి. ఐదేళ్లుగా నెలకు రెండుసార్లయినా తీస్తున్నాను. డిసెంబరు ఎండ దాని ఎడమ చెంప మీద పడుతుంది, జూన్ ఎండ కుడివైపు. పోయిన శనివారం వెళ్లేసరికి రాత్రి వాన పడి, గుండు మీది గుంటలో దోసెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. చెరువు ఇంకా చీకటిగా ఉండగానే ఆ దోసెడు నీళ్లు ముందుగా ఎర్రబడ్డాయి.